లెక్కకు దొరకని లోటు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, సూర్యాపేట



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే వక్తలు సాధారణంగా క్యాన్సర్ మందుల దగ్గర మొదలుపెడతారు. నేను స్ప్రూ దగ్గర మొదలుపెడతాను. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు సోదరులను ఆ జబ్బుకు పోగొట్టుకున్నారు. స్ప్రూ వస్తే తిన్నది పేగుకు పట్టదు. విరేచనాలు కట్టవు, నాలుక పుండవుతుంది, మనిషి పాలిపోయి చిక్కి శల్యమవుతాడు. ఆ పాలిపోవడం ఎందుకో అప్పట్లో ఎవరికీ తెలియదు. తర్వాత ఆయన హార్వర్డ్‌లో ఉన్న రోజుల్లో, రక్తహీనతను తగ్గించే పదార్థం కార్జంలో ఏముందో విడదీసి చూసే పనిలో ఏళ్లు గడిపారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాక, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలోనే తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. ఇవాళ మన ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ రెండో దాని వెనక భీమవరం బిడ్డ ఉన్నాడని గోలీ ఇచ్చేవారికీ తెలియదు, మింగేవారికీ తెలియదు.

ఆ కథకు ఇంకో కొస ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల పాథాలజిస్టు ల్యుకేమియా రోగులకు ఫోలిక్ యాసిడ్ కలిసిన మందులిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఉధృతమైనట్టు కనబడింది. అయితే దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ ఆ పని చేసింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల గురించి రాశాడు. వారిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఈ ఉదంతాన్ని మనం కీమోథెరపీ చరిత్రగా చదువుకుంటాం. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. ఎర్రకణానికే కాదు, తెల్లకణానికీ తిండి కావాలి. ఆ తిండి ఆగితే అదీ ఆగుతుంది. ఫోలిక్ యాసిడ్ విషయంలో ఇది అందరూ ఒప్పుకున్నారు. మరి అదే గోలీలో ఉన్న ఇనుము సంగతేమిటి? ఇనుము తక్కువైతే తెల్లకణాలకు ఏమవుతుంది? ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే.

మొదట సీబీపీ అనే రక్తపరీక్ష కాగితం చూద్దాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ల్యాబ్‌కు వెళ్లినా చేతికొచ్చే కాగితమే. పైన హిమోగ్లోబిన్ చెప్పే హెచ్‌బి, కింద తెల్లకణాల మొత్తం సంఖ్య చెప్పే టీసీ, వాటి రకాలు చెప్పే డీసీ, ఆ కింద ప్లేట్‌లెట్లు. 30 ఏళ్ల ఇల్లాలి కాగితం అనుకోండి. హెచ్‌బి 7.8. ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 66. టీసీ 6,400. ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు. ఇది ఇనుము లోపానికి అచ్చుగుద్దిన కాగితం. ఎర్రకణాలు చిన్నవై, మధ్యలో తెల్లగా పాలిపోయి ఉంటాయి, కొన్ని పెన్సిల్లాగా సాగి ఉంటాయి. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు కొంచెం పెరగడం మామూలే. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 లోపలే ఉన్నాయి. డాక్టరు గోలీలు రాస్తాడు. "టీసీ బాగుందమ్మా, ఇన్‌ఫెక్షన్ ఏం లేదు" అని ధైర్యం చెప్పి పంపిస్తాడు. కొందరిలో తెల్లకణాల సంఖ్య కొంచెం తగ్గి, ఇనుము ఇచ్చాక మళ్లీ సర్దుకుంటుంది. ఎక్కువమందిలో మాత్రం అది కదలదు.

అందుకే చాలాకాలం వైద్యులు ఇనుము లోపాన్ని ఎర్రకణాల జబ్బుగానే చూశారు. కాని టీసీ చెప్పేది తలల లెక్క. మిర్యాలగూడ మిల్లులో హాజరు పట్టీ ప్రకారం హమాలీలంతా వచ్చారు, కాని సగం మంది చేతిలో కొక్కెం లేదనుకోండి. పట్టీ చూసి గుమస్తా సంతోషిస్తాడు, లారీ మాత్రం సాయంత్రానికీ నిండదు. ఇనుము తక్కువైన ఒంట్లో తెల్లకణాల పరిస్థితి దాదాపు ఇదే.

కొక్కెం అన్న మాట ఊరికే అనలేదు. తెల్లకణాల్లో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. బాక్టీరియాను మింగి, లోపలే చంపే కణాలు. ఎముక మజ్జ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేసి పంపుతుంది. రక్తంలోకి వచ్చాక వాటి ఆయుష్షు గంటల్లో లెక్క, మహా అయితే ఒకటి రెండు రోజులు. మింగిన క్రిమిని చంపడానికి వాటి దగ్గర రెండు ముఖ్యమైన సాధనాలున్నాయి. ఒకటి ఆక్సిజన్‌ను విషంగా మార్చే ఆక్సిడేజ్. రెండోది మైలోపెరాక్సిడేజ్. ఇది మన ఇళ్లలో వాడే బ్లీచింగ్ పౌడరు జాతి రసాయనాన్నే కణం లోపల తయారుచేస్తుంది. రెండింటి నడుమా హీమ్ ఉంది, అంటే ఇనుము ఉంది. గడ్డ చితికినప్పుడు వచ్చే చీములో ఆకుపచ్చ ఛాయ మీరంతా చూసే ఉంటారు. అది మైలోపెరాక్సిడేజ్ రంగే. హిమోగ్లోబిన్‌లో ఎర్రగా కనిపించే హీమ్ ఇక్కడ ఇంకో ప్రొటీన్‌లో ఇంకో రంగులో కనిపిస్తుంది.

2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. రక్తంలో తిరిగే ఇనుమును తగ్గిస్తే మజ్జలో న్యూట్రోఫిల్స్ తయారీయే మందగించింది, తయారైనవి కూడా సరిగ్గా పనిచేయలేదు. ఎలుక వేరు, మనిషి వేరు, ఒప్పుకుంటాను. కాని మజ్జలో ఎర్రకణం, తెల్లకణం పుట్టే చోటు ఒకటే, వాటికి ఇనుము వచ్చే దారీ ఒకటే. ఎర్రకణాల ఫ్యాక్టరీకి కరువొస్తే పక్క గదికి తగలకుండా ఎలా ఉంటుంది?

స్లైడు మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది, టెక్నీషియన్ మిత్రులు గమనించాలి. మామూలు న్యూట్రోఫిల్ కేంద్రకానికి మూడు నాలుగు తమ్మెలుంటాయి. అయిదారు తమ్మెలు కనబడితే మనం వెంటనే బీ12, ఫోలిక్ యాసిడ్ లోపం అంటాం. పాఠం అదే చెబుతుంది, అది తప్పేం కాదు. కాని ఉత్త ఇనుము లోపంలో కూడా, బీ12 సరిగ్గా ఉన్నవారిలో కూడా, కొందరికి ఇలాంటి తమ్మెలు కనిపిస్తాయని చాలామంది రాశారు. మన ప్రాంతంలో ఇనుము, బీ12, ఫోలిక్ యాసిడ్ మూడూ కలిసి తగ్గినవారు కొల్లలు. కాబట్టి అయిదు తమ్మెల కణం కనబడగానే ఒకే లోపానికి కట్టేయకుండా రెండో దాన్నీ వెతకాలి.

తెల్లకణాల్లోనే ఇంకో రకమైన లింఫోసైట్ల సంగతి ఇంకా స్పష్టం. టీకా వేసినా, జబ్బు చేసినా, ఆ క్రిమిని గుర్తుపట్టిన లింఫోసైట్ ఒకటి రెండై, రెండు నాలుగై లక్షలుగా పెరగాలి. కణం చీలాలంటే డీఎన్‌ఏ కొత్తగా అల్లుకోవాలి, ఆ అల్లికకు కావలసిన ముడిసరుకు తయారుచేసే ఎంజైమ్‌కు ఇనుము తప్పనిసరి. అందుకే మేల్కొన్న లింఫోసైట్ తన ఒంటి మీద ఇనుమును అందుకునే గ్రాహకాలను గుంపులుగా పెంచుకుంటుంది. 2016లో కువైట్, సౌదీ కుటుంబాల్లోని కొందరు పిల్లల గురించి నేచర్ జెనెటిక్స్‌లో ఒక పత్రం వచ్చింది. ఆ గ్రాహకం జన్యువులోనే చిన్న మార్పు. పిల్లలకు రక్తహీనత స్వల్పమే, కాని ఇన్‌ఫెక్షన్లు ప్రాణాల మీదికి తెచ్చాయి. వాళ్ల లింఫోసైట్లు సరిగ్గా పెరగలేకపోయాయి. ఎర్రకణం ఎలాగో నెట్టుకొచ్చింది, తెల్లకణం కూలబడింది. ఇనుము లోపాన్ని హెచ్‌బి ఒక్కదానితో కొలిచేవారికి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. ఈ ప్రశ్నను ప్రపంచంలో ముందుగా పట్టుకున్నవాళ్లలో మన హైదరాబాదు వాళ్లున్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న బెరిబెరి పరిశోధన కేంద్రంగా పుట్టింది, 1958లో హైదరాబాదు చేరింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అక్కడి భాస్కరం, వినోదిని రెడ్డి 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, ఇనుము, విటమిన్లు తక్కువైన పిల్లల్లో లింఫోసైట్ల మీద ఆధారపడే రోగనిరోధకత ఎలా ఉందో రాశారు. మరుసటి ఏడాది లాన్సెట్‌లో శ్రీకాంతియా, ప్రసాద్, భాస్కరం, కృష్ణమాచారి రక్తహీనత వేర్వేరు స్థాయిల్లో ఉన్న పిల్లలను పరీక్షించి రాశారు. హెచ్‌బి 10 కంటే తగ్గిన పిల్లల్లో తెల్లకణాలు బాక్టీరియాను చంపే శక్తి తగ్గింది, లింఫోసైట్ల వైపు స్పందన తగ్గింది. యాంటీబాడీల వైపు అంత తేడా రాలేదు.

ఆ ప్రయోగం ఎలా చేస్తారో విద్యార్థుల కోసం రెండు మాటలు. పిల్లవాడి రక్తం నుంచి తెల్లకణాలను వేరుచేస్తారు. ఒక గొట్టంలో లెక్కపెట్టిన బాక్టీరియాతో కలిపి, ఒంటి వేడిలో ఉంచుతారు. కొంతసేపటికి ఆ ద్రవంలో చుక్క తీసి కల్చర్ పళ్లెం మీద పరుస్తారు. మర్నాడు పళ్లెం మీద మొలిచిన చుక్కలు లెక్కపెడతారు. చుక్కలు ఎక్కువుంటే ఆ పిల్లవాడి తెల్లకణాలు ఎక్కువ క్రిములను వదిలేశాయన్నమాట. ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష ఉండదు. టీసీ ఎంత అన్న ప్రశ్న దీనికి అక్కర్లేదు. కణాలను పనిలో దించి చూస్తుంది. ఇలాంటి పరీక్ష మన జిల్లా ల్యాబుల్లో రోజువారీగా చేయలేం, ఖర్చూ ఓపికా కావాలి. అందుకే మనకు టీసీయే దిక్కవుతోంది, దాన్నే రోగనిరోధకత అనుకుంటున్నాం.

ఆ పత్రాల మీద అభ్యంతరాలూ ఉన్నాయి, దాచను. 1970ల్లో పేద ఇంటి పిల్లవాడికి ఇనుము ఒక్కటే తక్కువని ఎలా అనగలం? ప్రొటీన్ తక్కువ, విటమిన్ ఏ తక్కువ, జింకు తక్కువ, కడుపులో పురుగులు. వీటిలో ఏది తెల్లకణాన్ని దెబ్బతీసిందో విడదీయడం కష్టం. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు అన్నీ ఒకేలా రాలేదు కూడా. యాంటీబాడీల మాట ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది. 2020లో వచ్చిన కెన్యా పరిశోధనల్లో, రక్తహీనత ఉన్న పసిపిల్లల్లో కొన్ని టీకాలకు స్పందన తక్కువగా ఉంది. తట్టు టీకా వేసే రోజుల్లో ఇనుము కలిపిన పొడి తిన్న పిల్లల్లో యాంటీబాడీలు మెరుగ్గా వచ్చాయి. 50 ఏళ్ల కింద మన హైదరాబాదులో వేసిన ప్రశ్న ఇంకా బతికే ఉందని నాకు సంతోషం. దానికి కొనసాగింపు ఇక్కడే ఎందుకు జరగలేదన్న బాధ కూడా ఉంది.

ఇంతవరకు విన్నవారు, అయితే ఇనుము ఎంత పోస్తే అంత మంచిది అనుకునే ప్రమాదముంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెల్లకణాలకు ఇనుము కావాలి, నిజమే. కాని క్రిములకూ అదే కావాలి. అందుకని జబ్బు చేసినప్పుడు ఇనుమును దాచిపెట్టే పని కూడా తెల్లకణాలదే. మన ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుముంటే, పేగు ద్వారా రోజుకు లోపలికొచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. రోజుకు 20,000 కోట్ల ఎర్రకణాలు తయారవ్వాలంటే 20 మిల్లీగ్రాములకు పైనే కావాలి. మిగతాది ఎక్కడిది? 120 రోజులు తిరిగి ముసలివైన ఎర్రకణాలను ప్లీహంలో, కార్జంలో మాక్రోఫేజ్‌లనే కణాలు మింగి, అందులోని ఇనుమును తిరిగి రక్తంలోకి వదులుతాయి. మాక్రోఫేజ్‌లు తెల్లకణాల వంశమే. అంటే ఒంట్లో ఇనుము గిరాకీ తీర్చే తాళంచెవి తెల్లకణం చేతిలోనే ఉంది. ఇన్‌ఫెక్షన్ రాగానే తెల్లకణాలు పంపే సంకేతంతో కార్జం హెప్సిడిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. 2000 ప్రాంతంలో కనిపెట్టారు దీన్ని. హెప్సిడిన్ పెరిగితే పేగు దగ్గర తలుపు మూతపడుతుంది, మాక్రోఫేజ్ తలుపూ మూతపడుతుంది. క్రిములకు ఇనుము అందదు. వారాలు నెలలు గడిస్తే ఎర్రకణాలకూ అందదు.

టీబీ రోగిని చూసే వైద్యులకు ఇది రోజూ ఎదురయ్యేదే. హెచ్‌బి 9 ఉంటుంది, గోలీలు నెలలు మింగినా కదలదు. ఇనుము లేక కాదు, లోపల మాక్రోఫేజ్‌లలో ఉంది, బయటికి రావడం లేదు. టీబీ మందులు పడి జబ్బు లొంగుతుంటే హెచ్‌బి తనంతట తానే లేస్తుంది. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ 15 లోపుంటే ఇనుము లేనట్టే. ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిలో ఫెరిటిన్ ఉత్తినే పెరుగుతుంది కాబట్టి, అలాంటి చోట 70 లోపున్నా అనుమానించాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. జ్వరం రోగికి ఫెరిటిన్ 60 వచ్చింది, ఇనుము బాగుందని రాసిన రిపోర్టులు ఇప్పటికీ చూస్తున్నాను.

ఈ దాచిపెట్టడాన్ని చెడగొడితే ఏమవుతుందో 1970ల్లో సోమాలియాలో తెలిసింది. సంచార జాతి వారికి ఇనుము ఇస్తే మలేరియా, టీబీ లాంటి జబ్బులు పైకి లేచాయి. అది 1978లో అచ్చయింది. ఇంకా పెద్ద హెచ్చరిక 2006లో జాంజిబార్ దీవుల్లోని పెంబా నుంచి వచ్చింది. మలేరియా ఎక్కువగా ఉన్న ఆ దీవిలో చిన్నపిల్లల్లో కొన్ని గుంపులకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. ఆస్పత్రి పాలయ్యేవారు, చనిపోయేవారు పెరగడంతో ఆ భాగాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఆ పరిశోధన నడిపినవారిలో ముఖ్యుడు సునీల్ సజావల్, మన దేశస్థుడే. అదే పరిశోధనలో నిజంగా ఇనుము లోపం ఉన్న పిల్లలకు మాత్రం ఇనుము మేలు చేసినట్టూ కనబడింది. మన నల్లగొండ, సూర్యాపేటల్లో పెంబా స్థాయి మలేరియా లేదు కాబట్టి ఇక్కడి గోలీలను దానితో భయపెట్టొద్దు. కాని జ్వరంతో కాగిపోతున్న రోగికి ఆ పూటే ఇనుము సూది ఎక్కించే తొందర మాత్రం తగదు.

ఇప్పుడు మన నేల గురించి. 1955 డిసెంబర్ 10న నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాల్వలకు నీళ్లొచ్చాయి. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడలను వరి దేశం చేసింది. మిర్యాలగూడలో మిల్లుల వరుస చూస్తే కొత్తవాళ్లు నోరెళ్లబెడతారు. ఆకలి తీరింది, కాదనను. ఆ మార్పులో కంచంలోంచి పోయిందేమిటో కూడా చెప్పాలి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక ప్రకారం 100 గ్రాముల సజ్జల్లో 6 మిల్లీగ్రాములకు పైగా ఇనుముంది, జొన్నల్లో దాదాపు 4, పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. గటక తాగిన తాత మనవరాలు ఇప్పుడు మూడు పూటలా అన్నం తింటుంది, తిన్న వెంటనే చాయ్ తాగుతుంది. సజ్జల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు, ఫైటేట్లు అడ్డు తగులుతాయి. అయినా లెక్కలో తేడా చిన్నదేమీ కాదు.

"బీట్‌రూట్ తింటున్న సార్, దానిమ్మ తింటున్న" అంటారు. తినండి, రుచిగా ఉంటాయి. 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు రెండింటిలోనూ. ఎర్రగా ఉన్నదల్లా రక్తం పట్టిస్తుందన్న నమ్మకం అది. తినేవారికి మేక కార్జం, కోడి కార్జం నిజంగా పనికొస్తాయి. కార్జం మాట వచ్చింది కనుక ఒక చిత్రం చెప్పి ముందుకెళ్తాను. కార్జంతో రక్తహీనత తగ్గుతుందని కనిపెట్టినందుకు 1934లో విపుల్, మైనాట్, మర్ఫీలకు నోబెల్ ఇచ్చారు. విపుల్ తన కుక్కల రక్తం తీసి తీసి వాటికి తెప్పించింది ఇనుము లోపం, కార్జం వాటిని బాగుచేసింది అందులోని ఇనుముతో. మైనాట్, మర్ఫీల రోగులకు ఉన్నది వేరే జబ్బు, వాళ్లను బాగుచేసింది కార్జంలోని బీ12. ఒక ప్రయోగాన్ని చూసి మరో జబ్బుకు వాడారు, రెండూ వేర్వేరు కారణాలతో ఫలించాయి. సుబ్బారావు గారు బోస్టన్‌లో తలబద్దలు కొట్టుకున్నది ఈ చిక్కుముడి మీదనే.

మిల్లు ప్రాంతంలో ఇంకో సంగతి కళ్లముందే ఉంటుంది. ఆడవాళ్లు పచ్చి బియ్యం గుప్పిట పోసుకుని నమలడం. "ఊకె తినాలనిపిస్తది" అంటారు. పిల్లలైతే బలపాలు, గోడ సున్నం, మట్టి. అత్తగారు దాన్ని పాడు అలవాటంటుంది. చాలాసార్లు అది ఇనుము లోపానికి గుర్తు, ఇనుము పడగానే ఆ కోరిక దానంతటదే పోతుంది. సీబీపీ కంటే ముందు ఈ ప్రశ్న అడగండి, చవక.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత అని వచ్చింది. ఆ సర్వే వేలి కొసన తీసిన చుక్కతో చేసింది, నరం నుంచి రక్తం తీస్తే అంకె కొంత తగ్గుతుందని వాదమూ ఉంది. పైగా అంతా ఇనుము లోపమే కాదు. 2016–18 జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద చిన్నపిల్లల్లో 41 శాతానికి రక్తహీనత ఉంటే, ఇనుము లోపం 32 శాతానికి ఉంది. అంకె తగ్గించి చూసినా, మన అంగన్‌వాడీల్లో టీకా కోసం వరుసలో కూర్చున్న పిల్లల్లో ఎందరి లింఫోసైట్లు కొక్కెం లేకుండా ఉన్నాయో ఊహించుకోవచ్చు.

రేషన్ బియ్యంలో ఇనుము కలిపే పని మన మిల్లుల్లోనే జరుగుతూ వచ్చింది. నూరు పాళ్ల బియ్యానికి ఒక పాలు ఫోర్టిఫైడ్ గింజలు. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, బీ12 ఉండాలన్నది నిబంధన. బియ్యం కడిగేటప్పుడు తేలిన ఆ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండితోనే చేసినవి, ఏరకండి. రోజుకు 200 గ్రాముల బియ్యం వండుకుంటే దాదాపు ఆరు నుంచి ఎనిమిదిన్నర మిల్లీగ్రాములు వస్తుంది, అందులో ఒంటికి పట్టేది కొంతే. జబ్బుపడ్డ మనిషికి అది వైద్యం కాదు, గోలీ గోలీయే.

వరి పొలం గురించి ఒక ముక్క. వట్టి కాళ్లతో తడి మట్టిలో తిరిగేవారికి కొంకిపురుగులు పాదం చర్మం గుండానే లోపలికి వెళ్తాయి. పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. ఒక జాతి పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.15 మిల్లీలీటర్లకు పైనే. వందున్నాయనుకోండి, లెక్క మీరే వేసుకోండి. ఇక్కడ డీసీలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి. అంటే ఇనుము లోపం ఉన్న కాగితంలో ఇయోసినోఫిల్స్ 14 శాతం కనబడితే, దానికి ఇనుము కారణం కాదు, రెండింటికీ కారణం ఆ పురుగే. మలపరీక్ష చేయించాలి, అల్బెండజోల్ ఇవ్వాలి, ఆ తర్వాతే గోలీల ఫలితం నిలుస్తుంది.

డాక్టర్లకు, టెక్నీషియన్లకు నా విన్నపం ఇదే కోవలోది. తెల్లకణాల లెక్కలో తేడా ఏది కనబడినా ఇనుము మీదికి నెట్టకండి. గర్భిణికి టీసీ 13,000 ఉంటే గర్భమే కారణం కావచ్చు, యాంటీబయాటిక్ అక్కర్లేదు. హెచ్‌బి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గితే అది ఇనుము లోపం ముఖం కాదు. బీ12 చూడండి, మందుల చీటీ చూడండి, అవసరమైతే మజ్జ పరీక్షకు పంపండి. నెలల తరబడి జింకు గోలీలు మింగినవారిలో రాగి తగ్గి, రక్తహీనతతోపాటు న్యూట్రోఫిల్స్ పడిపోవడం ఉంది. అరుదు, కాని ఉంది. మగవాడికి, నెలసరి ఆగిన ఆడమనిషికి ఇనుము లోపమొస్తే రక్తం ఎక్కడో పోతున్నట్టు. ఒళ్లునొప్పులకని ఊళ్లో రోజూ సూదులు, నొప్పి గోలీలు వాడిన కూలీలకు కడుపులో పుండు అడగాల్సిన మొదటి ప్రశ్న.

గోలీ వేసుకున్నవారికి వారం పదిరోజుల్లో రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాలు, లేస్తాయి, నెలలో హెచ్‌బి ఒకటి రెండు గ్రాములు పెరగాలి. పెరిగాక మానేస్తున్నారు, అదే తప్పు. హెచ్‌బి నిండాక ఇంకో మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. మజ్జ దొరికిన ఇనుములో ఎక్కువ పాలు ముందు ఎర్రకణాలకే పెడుతుంది కాబట్టి, హెచ్‌బి 12 చేరిన రోజునే తెల్లకణాలకూ తీరిందని అనుకోకూడదు. మూడో నెలలో మళ్లీ సీబీపీ చేయించండి, వీలైతే ఫెరిటిన్ కూడా. అప్పటికి హెచ్‌బి, ఫెరిటిన్ రెండూ సరిగ్గా ఉండి టీసీ ఇంకా 3,000 దగ్గరే ఉంటే, ఇనుము చీటీ పక్కన పెట్టి స్లైడు మీరే స్వయంగా చూడండి.